లారీ తాగిన కల్లు

ఏలీయా గారు కల్లు ముట్టరు. బందరులో హార్బరు నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు మీద ఆయన షెడ్డూ, నా పంక్చరు షాపూ పక్కపక్కనే ఉండి పద్దెనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడు ఒక చుక్క వేసుకుని వచ్చినా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన నాతో మాట్లాడేవారు కాదు. అలాంటి మనిషి ఒక జూన్ నెల శుక్రవారం పట్టపగలు డబ్బాడు కల్లు మోసుకొస్తూ సాక్షాత్తూ పాస్టరు గారికే ఎదురుపడ్డారు. ఎందుకో చెబుతాను. నవ్వకుండా చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

వాళ్ళ నాన్న జ్ఞానయ్య గారు సైకిలు మీద ఘంటసాల, అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చిల్లులు పడ్డ బిందెలకు మాట్లు వేసేవారట. ప్లాస్టిక్ బిందెలొచ్చాక ఆ పని మూలపడింది. ఈయన అదే సీసం, అదే కాల్చే కడ్డీ పట్టుకుని రేడియేటర్ల మీదా, డీజిలు ట్యాంకుల మీదా పడ్డారు. “చిల్లు చిల్లే బాబ్జీ, బిందైతేనేం, లారీ అయితేనేం,” అంటారు. పని అయ్యాక జేబులోంచి తెల్ల రుమాలు తీసి, ట్యాంకులోంచి వచ్చే డీజిలు కింద పట్టి చూస్తారు. తుప్పు తాలూకు ఒక్క ఎర్ర చుక్క కనబడినా కడగడం మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ చాదస్తానికి నేను చాలాసార్లు విసుక్కున్నాను.

ఆ శుక్రవారం పొద్దున్నే గిలకలదిండి నుంచి చేపల వ్యాపారం చేసే కొండమ్మ వచ్చింది. వాళ్ళకు ఒక పాత మినీ లారీ ఉంది, భర్త పోతయ్య నడుపుతాడు. సముద్రంలో వేట నిషేధించిన రెండు నెలలూ ఆ బండిని ఉప్పుగాలిలో వదిలేశారు. ట్యాంకులో డీజిలు అడుగంటి, లోపల చెమ్మ చేరి, తుప్పు పెచ్చులు కట్టింది. స్టార్టు చేసిన రెండు నిమిషాలకే ఫిల్టరు మూసుకుపోయి బండి ఆగిపోతోంటే, భార్యాభర్తలిద్దరూ తాడు కట్టించి లాగించుకొచ్చారు. పైగా ట్యాంకు అడుగున సూదిమొనంత చిల్లులు మూడు.

“అన్నయ్యా, రేపు అర్ధరాత్రితో నిషేధం అయిపోద్ది. ఎల్లుండి పొద్దున్నే పడవలొస్తాయి. బోణీ చేప ఎవరి బండెక్కితే ఏడాదంతా ఆ పడవల చేప ఆళ్ళదే. నాలుగు పడవలోళ్ళు నాకు మాటిచ్చారు. బండి లేకుండా వెళ్తే ఆ మాట నిలవదు,” అంది కొండమ్మ. గొంతు మామూలుగానే ఉంది కానీ, చీర కొంగు వేలికి చుట్టి నలిపేస్తోంది. కొత్త ట్యాంకు కొనే స్తోమత లేదు. పాతది వెతకడానికి బెజవాడ వెళ్తే ఆదివారం దాటిపోతుంది.

“బోణీ లేదు గీణీ లేదు, అదంతా మూఢనమ్మకం అమ్మా. పని మాత్రం చేద్దాం,” అన్నారు ఏలీయా గారు.

ట్యాంకు దింపి సర్ఫు నీళ్ళతో మూడుసార్లు కడిగారు. యాసిడ్ పోస్తే పలచబడిన రేకు తట్టుకోదు, తుప్పును మెల్లగా వదిలించే పులుపేదైనా కావాలి. “బాగా పులిసిన కల్లు కావాలి బాబ్జీ,” అన్నారు నా మొహం చూడకుండా. నా జన్మ ధన్యమైంది. పరుగున వెళ్ళి డబ్బా నిండా తెచ్చాను.

పొలంలో బురద తొక్కే దమ్ము చక్రానికి అతుకు వేయమని ఎవరో బంటుమిల్లి రైతు వదిలి వెళ్ళిన ట్రాక్టరు షెడ్డులో ఉంది. దాన్ని ఒక పక్క జాకీ మీద లేపి, ఆ ఇనప చక్రానికి ట్యాంకును కట్టి తిప్పితే, లోపల వేసిన నట్లూ గొలుసు ముక్కలూ తుప్పును రాలగొడతాయి. రైతును అడిగారా అంటే, లేదు. నట్లు వేయమని పోతయ్యకు చెప్పి ఏలీయా గారు జాకీ దగ్గర కూర్చున్నారు. పోతయ్యకు నట్లకన్నా గరుకైనది ఒకటి గుర్తొచ్చింది. పని లేని రోజుల్లో సున్నం బట్టీకి అమ్ముదామని ఏరిన ఆలుచిప్పల బస్తా లారీలోనే ఉంది. కల్లు నింపిన ట్యాంకులోకి వాటిని దోసెళ్ళతో పోసి, మూత బిగించేశాడు.

చక్రం తిరిగింది. ఆ గలగలకు రోడ్డున పోయేవాళ్ళంతా ఆగి చూశారు. కొండమ్మ మొహం విప్పారింది. పావుగంటకల్లా లోపలినుంచి బుస్సుమంటూ చప్పుడు మొదలైంది. ఏలీయా గారు ట్రాక్టరు ఆపి మూత వదులు చేశారో లేదో, అది ఎగిరి నా షాపు ముందు పడింది. వెనకాలే నురగ పొంగి ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా కల్లుతో తడిపింది.

“పులుపులో ఆలుచిప్పలు వేస్తే పొంగదా పోతయ్యా? పులుపంతా చిప్పలే తాగేశాయి. ఇక తుప్పుకేం మిగిలింది?” అన్నారు ఆయన, నురగలో కొట్టుకొచ్చిన చిప్ప చూసి.

“గరుగ్గా ఉంటాయనుకున్నానండి,” అన్నాడు పోతయ్య నేల చూపులు చూస్తూ. కొండమ్మ తనే ట్యాంకు విప్పి, బోర్లించి చిప్పలు దులపసాగింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మళ్ళీ కల్లు కావాలి. నేను వెళ్ళేవాణ్ణే, కానీ నవ్వి నవ్వి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఆయనే తడి బట్టలతో స్కూటరెక్కారు. డబ్బాతో తిరిగొచ్చి దిగేసరికి, ఉపవాస ప్రార్థనకు వెళ్తున్న పాస్టరు గారు షెడ్డు ముందే ఆగారు.

“ఏంటండి ఆ డబ్బాలో?”

“కల్లండి.” ఆయనకు అబద్ధం రాదు.

“ఎవరికండి?”

“లారీకండి.”

పాస్టరు గారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. “లారీ తాగితే తాగనివ్వండి గానీ, మీరు స్నానం చేసి రండి,” అన్నారు.

ఈసారి నట్లు ఏలీయా గారే వేశారు. రాత్రంతా నానబెట్టి శనివారం పొద్దున్న తిప్పితే ఎర్రటి బురద దిగింది. వంటసోడా నీళ్ళతో కడిగి, చిల్లులు పైకి వచ్చేలా బోర్లించి, లోపలి డీజిలు ఆవిరి మంట అందుకోకుండా వాటి కిందిదాకా నీళ్ళు నింపి, మూడు మాట్లు వేశారు. పొద్దువాలే వేళకు ఎండిన ట్యాంకును బిగించి, డీజిలు పోసి, రుమాలు పట్టారు. ఎర్ర చుక్క పడింది. కొండమ్మ కళ్ళు మూసుకుంది. డీజిలు తీసేసి, దానితోనే ట్యాంకు మళ్ళీ కడిగి, వడకట్టి, తిరిగి పోశారు. ఈసారి మరక లేదు. ఇంజిను అందుకుంది. రెండు నిమిషాలు దాటింది, పది దాటింది. నేను పోతయ్యను కావలించుకుని గంతులేశాను. నా లారీ కూడా కాదు.

ఆదివారం పొద్దున తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో బైబిలుతో ఏలీయా గారు చర్చికి బయల్దేరి నా షాపు దగ్గర ఆగారు. మాట్లాడటానికి కాదు, హార్బరు వైపే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. కాసేపటికి హారను కొట్టుకుంటూ మినీ లారీ వచ్చింది, పెట్టెల నిండా చేపలు. అది ఆగీ ఆగకముందే కొండమ్మ రెండు వంజరం చేపలు పట్టుకుని దిగింది.

“నాలుగు పడవలూ మనకే అన్నయ్యా. బోణీ చేప ముందు మీ ఇంటికే.”

ఆయన బైబిలు నా చేతికిచ్చి, తెల్ల పంచెతోనే రోడ్డు మీద మోకాళ్ళూని, ట్యాంకు కింద చెయ్యి పెట్టి అంతా తడిమారు. చెయ్యి బయటికి తీసి చూసుకున్నారు. పొడిగా ఉంది. అప్పుడు లేచి, ఆ చేత్తోనే బోణీ చేపలు అందుకున్నారు.