కరెంటు సంఘం వాళ్లకు చెప్పిన సలహా

ఈ దేశంలో కరెంటు ముందు ఎవరికి ఇవ్వాలో తేల్చింది నేనే. నా మాట విని సర్కారు తన కాగితాలు మార్చుకుంది.

ఇందులో కొంత కోసేయాలి. దేశం కాదు, వరంగల్‌లో మా నేతగాళ్ల గల్లీ. అరవైల మొదట్లో నేను చేనేత సొసైటీలో గుమస్తాను. కొత్త లైన్లు ఎక్కడెక్కడ వేయాలో సలహా చెప్పమని సర్కారు ఒక సంఘం వేసింది. ఒక ఇంజనీరు, ఒక మిల్లు యజమాని, పరకాల దిక్కు బావులున్న ఒక దొర. వానాకాలం, ఒక మధ్యాహ్నం మా సొసైటీకి వచ్చారు. మోటారు ఉన్నచోటికే ముందు స్తంభాలని వాళ్ల కాగితంలో అప్పటికే టైపు కొట్టి ఉంది. మమ్మల్ని అడగడమే మిగిలింది.

మా గల్లీలో ఒక్క మోటారూ లేదు. మా అమ్మకేమో చూపు తగ్గుతోంది. మబ్బు పడితే ఇల్లంతా చీకటి. కండెలకు నూలు చుడుతూ, తెగిన పోగు కోసం వేళ్లతో తడుముకునేది. బల్బు వస్తే ఆమె కళ్లు నిలుస్తాయని నా ఆశ. రెండు పేజీలు రాసుకుని లేచి నిలబడ్డాను. "అయ్యా" అన్నాను. ఆ తర్వాత మొదటి వాక్యం ఎక్కడుందో కాగితాల్లో వెతుక్కుంటున్నాను.

మా ఇల్లు సొసైటీ పక్కనే. వాకిట్లోంచి వింటున్న అమ్మ నేరుగా ఇంజనీరు ముందుకొచ్చింది.

"సారూ, జర మా ఇంట్లకొచ్చి నల్లపోగు యాడ తెగిందో చూసి చెప్పుండ్రి. నా కొడుకు తర్వాత మాట్లాడుతడు."

దొర నవ్వాడు. "మోటరు లేదు, మిల్లు లేదు, నీకెందుకమ్మా కరెంటు?"

"కండ్లున్నయి దొరా. ఇంక కొన్ని దినాలుంటయి."

ఇంజనీరు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. రాట్నం ముందు గొంతుక్కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు వెతికాడు. దొరకలేదు. అమ్మే అతని వేలు పట్టుకుని, పిల్లలకు అక్షరం దిద్దించినట్టు, తెగినచోట ఆనించింది. బయటికొచ్చి ఆయన కాగితం అంచున పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు.

అది నా సలహాయేనని పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకున్నాను. ఏం రాశాడో నేను చూడలేదు. స్తంభాలైతే వచ్చాయి, మిల్లు యజమాని కొత్త గోదాముకు లైను మా గల్లీ మీదుగానే పోవాలి మరి. ఎలా వస్తేనేం, బల్బు వెలిగింది. దాని కింద అమ్మ హాయిగా కండెలు చుట్టుకుంది.

ఇంతవరకు చదివి వినిపిస్తే మా అక్క ఆపమంది.

"బల్బొచ్చేసరికి అమ్మకు పోగే అవుపడలే. దాని కింద సుట్టింది నేను. అమ్మ పక్కన కూసోని, ఎలుగు మంచిగున్నదా బిడ్డా అని అడుగుతుండె. గా మాట రాయి."