సెంటు కడుక్కుని చేసిన పరిశోధన

ఆ రోజుల్లో నాకు ముక్కు మీదే కోపం. (ఆ రోజులంటే రాజుల కాలమేమీ కాదు, నా పాత ఫోను అద్దం పగలకముందు.) ఎం.ఎడ్. చదువుతున్నాను. మా గైడు సారు ఒక శుక్రవారం తీరిగ్గా కాఫీ తాగుతూ, "విద్యారంగంలో నీకు ఆసక్తి ఉన్న అంశమేదో సోమవారానికల్లా చెప్పమ్మా. లేకపోతే గైర్హాజరు మీద చేద్దువుగానిలే" అన్నారు. ఆయన దగ్గర చేరినవాళ్ళందరూ చివరికి గైర్హాజరు మీదే తేలారు. పల్లె పిల్లలు బడికెందుకు రారని తరతరాలుగా వెతుకుతూనే ఉన్నారు. దొరికినదాన్నే మళ్ళీ మళ్ళీ వెతకడమేమిటో! అయినా ఆసక్తి అనేది ఆర్డరు పెడితే సోమవారానికి గుమ్మంలోకి వచ్చే వస్తువా? ఇవన్నీ సారు మొహమ్మీదే అనేశాననుకుంటున్నారేమో. లేదు, స్నేహితురాళ్ళ గ్రూపులో పెట్టాను.

"పెద్దమ్మ వాళ్ళ ఊరికి పో, అక్కడ పిల్లలున్నారు, చదువులున్నాయి" అని అమ్మ తరిమింది. బెంగళూరులో బస్సెక్కి, చిక్కబళ్ళాపురంలో మారి, ఫోనులోంచి తలెత్తకుండా దిబ్బూరహళ్ళిలో దిగాను. పెద్దమ్మ వాళ్ళు పట్టుపురుగులు పెంచుతారు. ఆ పురుగుల ఇంటి గడప మీద కాలు పెట్టానో లేదో లోపలినుంచి ఒక కేక.

"ఆడనే నిలబడు పాపా! సెంటు కొట్టుకోని వచ్చిండావా?"

"సెంటు కాదు పెద్దమ్మా, బాడీ స్ప్రే."

"ఏదో ఒగ దరిద్రం. పురుగులు మంచి మేతమీదుండాయి. ఆ వాసన తగిల్తే మేత ఇడిచి సచ్చిపోతాయి. పో, నీళ్ళు పోసుకోని రా."

అంత దూరం నుంచి వచ్చిన చెల్లెలి కూతురికంటే పురుగులు ఎక్కువైపోయాయన్నమాట! సీకాయ పెట్టి, కళ్ళు మండేదాకా తల రుద్దించి, పెద్దమ్మ పాత చీర చుట్టబెట్టి గానీ లోపలికి రానివ్వలేదు. లోపల అంతస్తులంతస్తులుగా కట్టిన అరల్లో పురుగులు ఆకు నములుతుంటే, రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంది. పరిశోధకురాలి హోదాలో ఫోనులో రికార్డింగు పెట్టి, "వదినా, పిల్లల చదువు విషయంలో..." అని మొదలుపెట్టాను. పెద్దమ్మ కోడలు, అంటే మా అన్న భార్య, తట్టెడు మల్బరీ ఆకు నా చేతుల్లో పెట్టి, "నోటితో అడుగమ్మా, చేత్తో ఆకెయ్యి" అంది.

గడప దగ్గర వాళ్ళ కూతురు చిట్టి హోంవర్కు రాసుకుంటోంది. చింతామణి టౌనుకి వ్యానులో పోయి ఇంగ్లీషు మీడియం చదువుతుంది. తొంగి చూస్తే, "మై ఫాదర్ గోస్ టు ఆఫీస్" అని ఉంది.

"మీ నాన్న ఏ ఆఫీసుకి వెళ్తాడే?"

"యా ఆఫీసుకీ పోడత్తా. పురుగులు మేపుతాడు. నేనట్లే చెప్తి. మిస్సు కొట్టేసి ఆఫీసని రాయించింది."

ఇంకేం కావాలి నాకు! తట్ట పడేసి, చిట్టి డైరీలోని నంబరుకి ఫోను కొట్టి, స్పీకరు పెట్టాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కన్నడలోకి దిగి, కోపం ముదిరేసరికి తెలుగులోకి వచ్చాను. కన్నతండ్రి పనిని కొట్టేయడానికి మీరెవరన్నాను. ఇదేనా చదువు చెప్పే తీరన్నాను. అవతల మిస్సు ఓపిగ్గా విన్నది.

"అరిచేది అయినాదా మేడం? మాదీ బాగేపల్లి పక్క పల్లెనే. మా ఇంట్లోనూ పురుగులు మేపినాము. ఆఫీసని రాయించమని బడికొచ్చి అడిగింది ఆ పాప వాళ్ళమ్మే. ఆయమ్మనే అడగండి."

ఫోను పెట్టేసింది. ఇంట్లో అందరూ వదిన వైపు చూశారు. మిగిలిన కోపాన్ని వృథా చేయడమెందుకని నేనూ అటే తిరిగాను. "ఏంటి వదినా ఇది? అన్న చేసే పని చెప్పుకోవడానికి సిగ్గా?"

వదిన ఆకు వేస్తూనే అంది. "ఒగ సెంటు కడిగించినారని అప్పట్నించి మూతి ముడుచుకోనుండావే! దీనికి దినామూ తెల్లారితో సోపేసి రుద్దతాండా. అయినా వ్యాన్లో పక్కన కూసునే పిల్లోళ్ళు పురుగుల వాసనని ముక్కు మూసుకుంటారంట. కాగితం మీదన్నా వాసన లేకుండా ఉండనీ అనుకుంటి. తప్పా?"

మూడు భాషల్లో అరిచినదాన్ని, ఇందాక పడేసిన తట్టని వంగి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. పురుగులు మాత్రం ఆగకుండా నములుతున్నాయి.

"యాల అందరూ రాళ్ళ మాదిరి నిలబడుకోనుండారు? ఆకెయ్యండి!" అని కసిరి, పెద్దమ్మ మనవరాలి వైపు తిరిగింది. "వాడు నీకు నాయన. ఏం రాస్తావో నువ్వే రాయి."

చిట్టి పెన్సిలు కొరికింది, రబ్బరుతో తుడిచింది, ఏదో రాసి, నిలబడి గట్టిగా చదివింది. "మై ఫాదర్ గోస్ టు వార్మ్ ఆఫీస్!"

పై అరలోకి ఆకు వేస్తున్న అన్న, "పురుగులాఫీసా? అట్లయితే ఆదివారం లీవియ్యమని అడగల్ల" అన్నాడు. వదిన ఆపుకోవాలనే చూసింది గానీ, నవ్వొచ్చి ఒళ్ళోని ఆకంతా జారిపోయింది.

సోమవారం సారు ముందు నిలబడి, పిల్లల ఇంటి సంగతి బడి పుస్తకంలోకి ఎంతవరకు రానిస్తారో, ఎవరు ఆపుతారో, అదే నా అంశం అన్నాను. సారు కాఫీ చప్పరించి, "ఇది గైర్హాజరు కిందికే వస్తుంది కదమ్మా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వస్తుంది సార్! పిల్ల బడిలోనే ఉంది. పుస్తకంలో వాళ్ళ నాన్నే గైర్హాజరు!" గ్రూపులో కాదు, ఈసారి మొహమ్మీదే అన్నాను. సారు గ్లాసు కింద పెట్టి, నా కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడూ నెలకో పల్లె బడికి పోతుంటాను. పొద్దున్నే చెయ్యి అలవాటుగా స్ప్రే సీసా మీదికి పోతుంది. "ఆడనే నిలబడు పాపా!" అన్న కేక వినపడుతుంది, నవ్వొస్తుంది, సీసా అక్కడే పెట్టేస్తాను. సెంటయితే ఆ రోజే సీకాయతో వదిలింది. కోపమే, ఎంత రుద్దినా వదల్లేదు.