తమ్ముడి చేతిలో మోగిన డోలక్

దయ్యాలూ మహిమలూ నాకు ఎక్కవు. సాకేత్‌లో ఓ ఆసుపత్రిలో నర్సుని, మార్చురీ పక్క గదిలో కూర్చుని టిఫిన్ తిన్న మనిషిని. చర్చిలో ఎవరైనా లేచి స్వస్థత సాక్ష్యం చెబుతుంటే, ఏం మందు వాడారో అనుకుంటాను. అయినా ఇది చెప్పకుండా ఉండలేను.

మా తమ్ముడు ప్రసన్న ఆర్.కె. పురంలో మా తెలుగు చర్చికి డోలక్ వాయిస్తాడు. ప్రతి చరణం చివరా తాళంలో లేని ఒక దెబ్బ అదనంగా వేస్తాడు. అదేం రోగంరా అని ఎన్నిసార్లు తిట్టానో! చర్చంతా దానికే అలవాటుపడి, ఆ దెబ్బ పడ్డాకే తర్వాతి చరణం ఎత్తుకునేది.

కిటికీ అద్దం పగిలి వాడి కుడిచేతి నరం తెగింది. నరం కుట్టేటప్పుడు డాక్టరుగారు దాని పక్కనే బియ్యపుగింజంత పరికరం పెట్టారు. నరం కోలుకుంటే అది పసిగట్టి ఫోనులో గీతగా చూపిస్తుంది. నెలలు గడిచినా గీత లేవలేదు.

"సిస్టర్, ఇలాగే ఉంటే వచ్చే వారం మళ్ళీ తెరవాలి. చేతికి పట్టు వస్తుందో రాదో చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి వాడు డోలక్ ఊసే ఎత్తలేదు.

ఆ ఆదివారం వాడికి జ్వరం. నేనూ చర్చికి వెళ్ళలేదు. మాత్ర వేసుకుని పడుకున్నాడు, చెయ్యి దిండు మీద ఉంది. ఊరికే ఫోను తీశాను. గీత లేచింది! పడింది. మళ్ళీ లేచింది. ఓరి దేవుడా, అది తాళం! వేళ్ళు చూస్తే ఇసుమంత కూడా కదలడం లేదు. కాసేపటికి గీత మళ్ళీ చదునైపోయింది.

మధ్యాహ్నం పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. "ఇవాళ అందరం ప్రసన్న కోసమే పాడామమ్మా. డోలక్‌ని అబ్బాయి కూర్చునే చోటే ఉంచాం, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు" అంటూ వీడియో పంపారు.

అందులో ప్రతి చరణం చివరా అందరూ అలవాటు కొద్దీ ఆగారు, రాని దెబ్బ కోసం. ఫోనులో రికార్డయిన గీతని పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే సమయంలోవి. వాళ్ళు ఆగిన ప్రతిచోటా గీత ఒక్కసారి లేచి ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

"నరం అప్పటికి కోలుకుని ఉండదు సిస్టర్, నాయిస్ అయ్యుంటుంది, పరికరం ఉత్తినే గీసిన గీత" అన్నారు డాక్టరుగారు. అయినా ఎందుకో ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపారు. ఆ కొన్నాళ్ళలోనే బొటనవేలు కదిలింది.

ఇప్పుడు వాడు మళ్ళీ వాయిస్తున్నాడు, ఆ అదనపు దెబ్బతో సహా. నేను తిట్టడం మానేశాను.

నాయిసే కావచ్చు, నాకు తెలీదు. కానీ ఆ నాయిస్‌కి మావాడి దెబ్బ ఎవరు నేర్పారు?