ఊపిరిపెట్టె ఆగినప్పుడు వినిపించిన మాట

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్లి అంట్లు తోముకునే రకం నేను. పుంగనూరు మిషన్ బడిలో పంతులమ్మను. పిల్లలకు లేనిపోని భయాలు పోగొట్టడమే నా పని. ఇప్పుడు చెప్పేది దయ్యం కథ అని కూడా అనను. ఏమనాలో తెలియకనే చెబుతున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కుప్పంలో ఉండే మా అక్క సుగుణకు జ్వరం వచ్చి కాళ్లూ చేతులూ పడిపోయాయి. బావ డేవిడప్ప ఆమెను, పెట్రోలు కరువై బొగ్గు పొగతో నడిపే బస్సులో మదనపల్లె మిషన్ ఆసుపత్రికి తెచ్చాడు. అక్కడికి చేరాక ఊపిరి తీయడం కూడా కష్టమైపోయింది. కబురందగానే బడికి సెలవు పెట్టి నేనూ వెళ్లి తోడున్నాను.

ఆసుపత్రికి కొత్తగా ఒక చెక్కపెట్టె వచ్చి ఉండింది. మనిషిని అందులో పడుకోబెట్టి, తల మాత్రం బయట ఉంచి, మెడ చుట్టూ రబ్బరు పట్టీ బిగిస్తారు. పక్కన కరెంటుతో ఆడే తోలు తిత్తి. అది సాగితే పెట్టెలో గాలి తగ్గి రొమ్ము దానంతటదే లేస్తుంది, ఊపిరి లోపలికి పోతుంది. ముడుచుకుంటే బయటికి వస్తుంది. మేం దాన్ని ఊపిరిపెట్టె అనేవాళ్లం. పెద్దపంజాణి నుంచి చూడవచ్చిన అక్క అత్తగారు సమాధి పెట్టె అనుకొని గుమ్మంలోనే కూలబడి శోకాలు పెట్టింది. కోడలు కళ్లార్పేసరికి కెవ్వుమంది. అంత కష్టంలోనూ మాకు నవ్వొచ్చింది.

ఊపిరి బయటికి వచ్చేటప్పుడే ఆ పెట్టెలోని మనిషి మాట్లాడగలదు. రెండు ముక్కలు అని, మళ్లీ తిత్తి ఆడేదాకా ఆగాలి. అక్క ఏం చెప్పినా తుంచి తుంచే చెప్పేది.

ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయింది. బావ పిడి పట్టుకొని తిత్తిని చేత్తో లాగసాగాడు. కాసేపటికి కుట్టు దగ్గర తోలు చర్రుమని చినిగింది. పెట్టె ఆగిపోయింది. డాక్టరమ్మా బావా చినుగు మీద ప్లాస్టరు అంటించడానికి తంటాలు పడుతున్నారు. నేను అక్క తల దగ్గర ఉన్నాను. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలడం లేదు. పెదవులు నీలమవుతున్నాయి. నా నాలుక పిడచకట్టుకుపోయింది. అక్క పోవడం కళ్లారా చూడలేక బయటికి పరుగెత్తాలనిపించింది.

అప్పుడు వినిపించింది.

"భయపడద్దు. నేను ఈడనే ఉండాను, యాడికీ పోను."

అక్క గొంతే. ఎక్కడా తెగలేదు, ఆయాసం లేదు. జబ్బు రాకముందు పొయ్యి దగ్గర కూర్చొని మాట్లాడినట్టే ఉంది. నా ఒళ్లు ఝల్లుమంది. అది భయం కాదు. ఎవరో చాలా పెద్దవారు గదిలోకి వచ్చినట్టు తల దానంతటదే వంగింది. అక్క చెంపలు రెండూ పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. తిత్తి మళ్లీ కదిలింది.

అక్క బతికింది. పెట్టె అవసరం తీరి, దిండుకు ఆనుకొని కూర్చోగలిగాక అడిగాను, ఊపిరే లేనప్పుడు ఆ మాట ఎట్లా అనగలిగావని.

అక్క నన్ను వింతగా చూసింది. "నేనా? నాకు నోరు యాడ పెగిలిందే? అనింది నువ్వు గదా. నీ గొంతు ఇనబట్టే నేను ఓర్సుకోని ఉండాను."

బావను అడిగితే తనకూ వినిపించిందంటాడు. ఎవరి గొంతని అడిగితే మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తాడు.

దేవుని ఎదుట నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. ఆ మాట నేను అనలేదు.