బేగం పిన్ని చేతులు

మా గోడౌను గేటు దగ్గర ఆడవాళ్ళ తనిఖీ చూసిన గౌసియా బేగం గారు మొన్న శుక్రవారం పెద్దాసుపత్రిలో కన్నుమూశారు. కబురు వచ్చేసరికి నేను ర్యాకుల మధ్య నిలబడి స్టాక్ లెక్కపెడుతున్నాను. పెట్టె మీద పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎంతదాకా వచ్చానో గుర్తు లేదు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను, మళ్ళీ తప్పింది. ఈ పనిలోకి వచ్చాక ఒకే వరుస నాకు రెండుసార్లు తప్పడం అదే మొదలు. పక్క ర్యాకులో పనిచేసే ఆమె నా చేతిలోని పెన్ను తీసుకుని "కూకో అక్కా" అంది.

ఏ జబ్బుతో పోయారో ముందే చెప్పేస్తాను. రొమ్ము కాన్సరు. అదే జబ్బు నాకూ వచ్చింది. నా ఒంట్లో దాన్ని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, ఆమె. నేను బతికి ఈ మాటలు రాస్తున్నాను, ఆమె లేరు. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమని మా షిఫ్టు ఆడవాళ్ళు అడిగినప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కూడా కాదు, సిగ్గు. "నీకే కదా బాగా తెలుసు" అన్నారు వాళ్ళు. తెలుసు కనకనే సిగ్గు.

ఆమెను ఎరగనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. మాది పెందుర్తి దాటాక హైవే పక్కన ఉన్న పెద్ద గోడౌను. ఫోన్ల దగ్గర్నుంచి పసిపిల్లల జుబ్బాల దాకా అన్నీ అక్కడికి వచ్చి, అక్కడినుంచి ఊళ్ళకి పోతాయి. చుట్టూ ముళ్ళకంచె, స్తంభానికో కెమెరా, లారీలకో గేటు, మనుషులకో గేటు. అయితే చీర కుచ్చిళ్ళలో ఏం దోపుకున్నారో కెమెరాకు కనపడదు. అందుకని పని దిగేటప్పుడు ఒళ్ళు తడిమి చూశాకే బయటికి వదిలేవారు. పద్మనాభం వైపు పల్లెలనుంచి వచ్చే ఆడవాళ్ళు వరి మోపులు మోసిన మనుషులు, దేనికీ జంకరు. రెండు చేతులూ పైకెత్తి నిలబడమంటే మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎదురుగా బస్సెక్కి కూర్చున్న మగవాళ్ళు కిటికీల్లోంచి చూస్తూ ఉండేవారు. నేనూ ఆ వరసలో నిలబడినదాన్నే. ఏడో తరగతితో చదువాపేసి, ప్యాకింగులో చేరి, ఒకరు లెక్కపెడుతుంటే చూసి నేర్చుకుని స్టాకు పనికి వచ్చాను. లెక్కలొచ్చినా గేటు దగ్గర చేతులెత్తక తప్పదు.

బేగం గారు వన్‌టౌన్ మనిషి. భర్త పోయాక చాలాకాలం ఇంట్లో జాకెట్లు కుట్టి, కళ్ళు సహకరించక సెక్యూరిటీ ఏజెన్సీలో చేరారు. మా గేటుకి వచ్చిన మొదటి రోజే వరసలో ముందున్న మనిషిని పిలిచి, తన రెండు చేతులూ పైకెత్తి, "ముందు నన్ను సూడండమ్మా" అన్నారు. మేం తెల్లబోయాం. "నానూ లోపల తిరిగొచ్చినదాన్నే కదా. ముందు నన్ను తడిమితే తర్వాత మీమీద సెయ్యేసే హక్కు నాకొత్తాది" అన్నారు. ఆ రోజునుంచి అది ఆనవాయితీ అయింది. పెద్దమనిషి కదాని మేం భుజాల మీద చేతులేసి తీసేసేవాళ్ళం. "అదేటే, తనికీ సేత్తన్నావా, బొట్టెడతన్నావా?" అని కసిరేవారు. మొదటి వారంలోనే ఇంటినుంచి మందపాటి పరదా ఒకటి తెచ్చి గేటు పక్క రేకుల గదికి కట్టారు. మేనేజరు చూసి నవ్వాడు. "ఇదేటి బేగమ్మా, గోడౌనా, పెళ్ళివారిల్లా?" అన్నాడు. "పెళ్ళివారింట్లో ఆడోళ్ళని ఇలాగ తడుముతారేటి సార్?" అన్నారు ఆమె. పరదా ఉండిపోయింది.

ఆమెది మెత్తని మనసని రాస్తే అబద్ధమవుతుంది. పనిలో ఆమె కఠినురాలు. ఒకసారి, రోజూ తనతో కలిసి అన్నం తినే మనిషి నడుముకి కట్టుకున్న గుడ్డలో ఫోను దొరికింది. ఆమె కాళ్ళు పట్టుకుంది. బేగం గారు వదల్లేదు. అయితే పరదా వెనకే ఆ మనిషి జుట్టు సవరించి, పైట సర్ది, మొహం కడుక్కోమని నీళ్ళిచ్చి, అప్పుడు ఆఫీసుకి తీసుకెళ్ళారు. అక్కడ ఎవరో నోరు జారి ఏదో అనబోతే, "దొంగతనం గురించి అడగండి సార్. మిగతాది మీకెందుకు?" అన్నారు. ఆ సాయంత్రం ఆమె అన్నం తినకుండా డబ్బా మూత పెట్టేశారు. నేనేదో ఓదార్పు మాట అనబోతే, "సామాను నాది కాదు, వదల్ను. దాని పరువూ నాది కాదు, ముట్టుకోను. అంతే" అన్నారు. ఆ ఉద్యోగంలో ఉండవలసిన ధర్మమంతా ఆ మాటలో ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒంటి మీద చెయ్యి వేసే మనిషికి సామాను ఒక్కటే దొరకదు. ఎవరు నెల తప్పారో ఇంట్లోవాళ్ళకంటే ముందు ఆమెకి తెలిసేది. ఎవరి వీపు మీద దెబ్బలున్నాయో తెలిసేది. ఒక్క మాట బయటికి పొక్కలేదు. అలాంటి చేతికే ఒకనాటి సాయంత్రం నా చంక కింద గడ్డ తగిలింది.

"ఇదేటే లెక్కలమ్మా?" అన్నారు. ఆమె నన్ను అలాగే పిలిచేవారు.

"వేడిగడ్డ పిన్నీ. అదే పోద్ది."

"ఎన్నాళ్ళనుంచి పోతంది?"

చాలా నెలలనుంచి ఉందని నాకు తెలుసు. మగ డాక్టరు ముందు రవిక విప్పాలని తలుచుకుని రేపూ మాపూ అని దాటేస్తూ వచ్చాను. బస్సు వెళ్ళిపోతుందని చెయ్యి విడిపించుకోబోయాను. ఆమె వదల్లేదు.

"రేపు ఆస్పత్రికి పోతావా, లేదా? పోకపోతే గేటు దాటనివ్వను."

"ఏ రూలు ప్రకారం?"

"గోడౌన్లోంచి ఏ సామానూ సీటీ ముక్క లేకుండా బయటికెళ్ళకూడదని రూలు. నీ సంకలో ఉన్నదానికి సీటీ లేదు. డాక్టరు కాడికెళ్ళి రాయించుకురా."

ఏడుస్తూనే నవ్వాను. మర్నాడు తన సెలవు వాడుకుని ఆమే నన్ను తీసుకెళ్ళారు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆడ డాక్టరే. నేను అన్నాళ్ళూ లేని మగ డాక్టరుకి భయపడ్డాను.

ఆపరేషనయ్యాక మళ్ళీ పనిలో చేరిన రోజు, పని దిగాక గేటు దగ్గర వరస చివరికి వెళ్ళి నిలబడ్డాను. ఒక పక్క గుడ్డ కుక్కుకుని వచ్చాను. అక్కడ చెయ్యి వేస్తారా, వెయ్యకుండా వదిలేస్తారా, ఏది ఎక్కువ బాధో నాకే తెలియదు. ఆమె రెండు పక్కలా ఒకేలా చూశారు. చెయ్యి ఎక్కడా తడబడలేదు, ఎక్కడా తొందరపడలేదు. "పో, అయిపోయింది" అన్నారు. నేను ఇదివరకటి మనిషినే అని ఆ రోజు నమ్మాను. నా భర్త ఎంత చెప్పినా కలగని నమ్మకం అది.

తర్వాత మేం ఆడవాళ్ళమంతా కలిసి, చేతులతో తడమడం మానేసి, లోహం ఉంటే మోగే చేతి మిషను పెట్టమని కంపెనీని అడిగాం. అందరికంటే గట్టిగా అడిగింది బేగం గారే. "నా సేతులకీ కాస్త సెలవిప్పించండి సార్" అన్నారు. మిషను సబ్బుల్నీ బట్టల్నీ పట్టదు, ఫోన్లని పడుతుంది. పోయేవాటిలో ఖరీదైనవి ఫోన్లే కనక కంపెనీ ఒప్పుకుంది. మిషను వచ్చిన రోజు చప్పట్లు కొట్టాం. అడగడం తప్పని ఇప్పటికీ అనను. ఏ ఆడదీ రోజూ చేతులెత్తి తడిమించుకోవలసిన పని లేదు.

మిషను వచ్చినా ఆమె ఆనవాయితీ మానలేదు. వరసలో ముందున్న మనిషికి దాన్ని ఇచ్చి, ముందు తన మీద తిప్పించుకునేవారు. కొన్నాళ్ళకి ఎడమ చెయ్యి సగం దాకానే ఎత్తడం మొదలుపెట్టారు. వయసు అనుకున్నాం. ఒకరోజు ఒకామె మిషను పట్టుకుని వేళాకోళంగా, "సెయ్యి పూర్తిగా ఎత్తు పిన్నీ. దొంగసామానేటైనా దాసేవేటి?" అంది.

"దాసేనే. పట్టుకో సూద్దాం" అన్నారు బేగం గారు.

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మిషను ఆమె చంక కిందనుంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. "ఏటీ లేదు, పో పిన్నీ" అంది ఆమె. మళ్ళీ అందరం నవ్వాం. ఆ గడ్డ ఎలా ఉంటుందో, చెయ్యెత్తితే ఎక్కడ పట్టేస్తుందో ఆ వరసలో తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే.

రంజాను వెళ్ళాక ఆమె పనికి రావడం మానేశారు. కాళ్ళ నొప్పులని కబురు పంపారు, నమ్మాం. పోయిన నెల ఆమె చెల్లెలు ఫోను చేసి పెద్దాసుపత్రిలో ఉన్నారని చెప్పింది. ఏ వార్డో చెప్పగానే నాకు అర్థమైంది. ఆ వార్డు నాకు తెలుసు.

మంచం మీద ఆమె దుప్పట్లో ఉన్నట్టే లేరు. నన్ను చూడగానే, "లెక్కలమ్మొచ్చిందే. మంచాలన్నీ లెక్కెట్టేవా?" అన్నారు. నేను నవ్వలేకపోయాను.

"ఎప్పట్నుంచి పిన్నీ?"

"మిషనొచ్చిన కొత్తల్లోనే."

"నన్ను లాక్కొచ్చిన మనిషివి, నీకు నువ్వెందుకు రాలేదు?"

"నీది నాను పట్టుకున్నాను. నాదెవరూ పట్టుకోలేదు కదే. దొరికిపోతే ఏటి సేత్తాం, ఒప్పుకుంటాం. నా అంతట నాను రవిక విప్పి, ఇదిగో ఇక్కడుందని సూపించాలంటే సిగ్గేసింది" అన్నారు. నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పారు.

మా చేతులు తగిలి ఉంటే ఆమె బతికేవారని నేను రాయను. అది లెక్కకి నిలబడదు. చేతులతో తడిమే రోజుల్లో మాత్రం మేం ఆమెను సరిగ్గా తడిమామా? అయినా ఆ మాట విన్నాక నాకు ఆమె మొహం వంక చూసే ధైర్యం లేకపోయింది. అప్పుడామె నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు సూడు" అని దుప్పటి కిందికి తీసుకెళ్ళారు. తడిసిన కట్టు వేళ్ళకి తగిలింది. నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది.

ఆమె గమనించారు. నా వేళ్ళు దుప్పటి అంచుతో తనే తుడిచి, "బయమేసిందా? పోన్లే. ఇంటికెళ్ళు తల్లీ, వానొచ్చేలాగుంది" అన్నారు. నేను లేచి వరండాలోకి వచ్చాను. తిరిగి వెళ్ళి ఈసారి సరిగ్గా పట్టుకుందామని గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాను. వెళ్ళలేకపోయాను. వచ్చే వారం వెళ్దామనుకున్నాను. శుక్రవారం కబురొచ్చింది.

గౌసియా బేగం గారి చోటులో ఏజెన్సీ ఇంకొకరిని పెట్టింది. ఉద్యోగం భర్తీ అయింది. ఒక మనిషి ఒంటి మీద చెయ్యి వేసి, ఆ మనిషిని తక్కువ చెయ్యకుండా తీయగలిగిన చెయ్యి నా ఎరుకలో అదొక్కటే. అలాంటిది మళ్ళీ చూస్తానని నాకు ఆశ లేదు. ఆమెకు నమస్కరించడానికి నా దగ్గరున్నవి ఆ రోజు వెనక్కి వచ్చేసిన చేతులే. వేరే లేవు. వాటినే జోడిస్తున్నాను.