రెండు మిల్లీమీటర్ల వదులు

యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎక్కిన బస్సులో నా పక్కాయన ఒళ్లో ఓడ తలుపంత ప్లైవుడ్ బల్ల, దానికి బిగించాల్సిన రెండు కాళ్లు ఉన్నాయి. కోసిన అంచులు చూడగానే ఏ యంత్రం పనో పోల్చుకున్నాను, మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది. రెండు గొలుసులకు వేలాడుతూ, కంప్యూటర్ గీసిన గీత మీద చెక్క కోస్తుంది. అడిగిన కొలతకు మాత్రం కోసిన పాపాన పోదు.

"మధ్యల కరెక్టే కోస్తది సార్. మూలలకు పోతే రెండు మిల్లీమీటర్లు తేడా. కాళ్లు పెడితే గాడి వదులైతున్నది," అన్నాడాయన, నేను యంత్రం మాటెత్తగానే.

ఇంకేం, విశ్వరహస్యం నాకొక్కడికే తెలిసినట్టు అందుకున్నాను. బరువుకు గొలుసు సాగుతుందనీ, మధ్యలో కొలిచి మురిసిపోకుండా నాలుగు మూలలా కోసి, కొలిచి, యంత్రం కొలతలు సరిదిద్దే క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలనీ చెప్పాను. "ఆదివారం మా ఇంటికి తెండి. వెంట్రుక దూరకుండా చేద్దాం."

"మా ఆమె మంచంల ఒరిగి కూసుంటానికి సార్ ఇది. లాలాగూడ దిక్కు దవాఖానల ఉన్నది. కిటికీలకెల్లి బయటికి చూస్తా అంటది. ఆదివారం దాకా ఉంటదని డాక్టర్లు చెప్తలేరు."

ఆయన తన టికెట్ మడిచి ఒక గాడిలో కుక్కాడు. రెండో గాడి చూసి, నా చేతివైపు చూశాడు. నా టికెట్ ఇచ్చాను. అదీ కుక్కి, కాళ్లు బిగించి ఊపాడు. కదల్లేదు.

"చాలు సార్," అని తార్నాకలో దిగిపోయాడు.

హబ్సిగూడలో తనిఖీవాళ్లు ఎక్కారు. టికెట్ పోయిందన్నాను.

"సదువుకున్నోళ్లే గిట్ల చేస్తే ఎట్ల సార్," అన్నాడొకాయన, బస్సంతా వినేలా.

మాటకు మాట అప్పజెప్పడంలో నన్ను మించినవాడు భూమండలంలో లేడు. జరిమానాకు పర్సు తీస్తూ వాళ్ల వెంట దిగాను.