అర్జీలో మొదటి సంతకం

పదో తరగతి పిల్లలకు విద్యుదయస్కాంత తరంగాల గురించి చెప్పేటప్పుడు ఒక టార్చిలైటు, ఒక మార్కాపురం పలక పట్టుకెళ్లేవాణ్ణి. లైటు వేసి పలక అడ్డం పెట్టి, "వెలుతురు అవతలికి పోయిందా?" అనేవాణ్ణి. "లేదు సార్!" అని అరిచేవాళ్లు. "సెల్‌ఫోను తరంగాలదీ వెలుతురు జాతే. గోడలైతే కాస్త దాటుతాయి గానీ కొండను దాటలేవు. మనకూ గిద్దలూరు టవరుకూ మధ్య ఉన్న ఆ కొండే ఈ పలక" అని చెప్పేవాణ్ణి. ఇంత బాగా చెప్పే సైన్సు పంతులు చుట్టుపక్కల లేడని నా నమ్మకం. ఛీ, నా గొప్పలు మండ.

ఊరికి టవరు పెడతామని కంపెనీవాళ్లు వచ్చి ఒక పొలం కొలిచి పోయారు. ఆ పొలం మా ఇంటి ఓనరు దాయాదిది. ఓనరు ఊళ్లో పెద్దమనిషి. తన పొలం కాదని వాళ్లది ఎంచుకున్నారన్నదే ఆయన కడుపుమంట. ఆ మాట పైకి అనలేక రేడియేషన్ మీద పడ్డాడు. పిచ్చుకలు చస్తాయని, మిరప పూత రాలుతుందని, కడుపులు నిలవవని టీ బంకు దగ్గర ఊదరగొట్టాడు. వారం తిరక్కుండా అర్జీ రాయించుకుని నా దగ్గరికొచ్చాడు.

"సారూ, నువ్వు సైన్సు సదివినోడివి. మొదట నీ సంతకం పడితే ఇంక ఎవురూ నోరెత్తరు."

ఆ తరంగాలకు ఎండకున్నంత సత్తువ కూడా లేదని నాకు తెలుసు. నెల కిందటే బోర్డు మీద రాశాను. "అట్ల కాదన్నా" అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. ఆ ఊళ్లో అద్దెకు మరో ఇల్లు లేదు, ఉన్న ఇంట్లో బోరు నీళ్లు బాగా వస్తాయి. నా పిరికితనానికి అంతకన్నా పెద్ద కారణం లేదు. సంతకం పెట్టి, పక్కన 'భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు' అని కూడా రాశాను. కింద ఊరంతా సంతకాలూ వేలిముద్రలూ వేసింది. కంపెనీవాళ్లు వెనక్కి పోయారు.

మరుసటి ఏడు, రెండో శనివారం మధ్యాహ్నం, మా వీధి చివర ఉండే కూలీ అతను ఒగరుస్తూ వచ్చి తలుపు బాదాడు. కంది చేలో అతని భార్యను పాము కరిచింది.

"పురుగు ముట్టింది సారూ దానికి! మీది పెద్ద ఫోను గదా, అంబులెన్సుకు చెయ్యండి!"

నా పెద్ద ఫోనులో ఒక్క గీత లేదు. పోదని తెలిసీ రెండుసార్లు చేశాను, అతని ముందు ఊరికే నిలబడలేక. నా బండి గిద్దలూరులో మెకానిక్ దగ్గరుంది. ఊళ్లో ఉన్న ఒక్క ఆటో కంభం పెళ్లికి పోయింది. చర్చి వెనక కొండ మీద ఒక బండ ఉంది, దాని పైన నిలబడితే సిగ్నల్ దొరుకుతుంది. అతనే ఎక్కాడు. ఎక్కి మాట్లాడేసరికే ముప్పావు గంట. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది గానీ ఆస్పత్రి గేటు దగ్గరే ఆమె ప్రాణం పోయింది. ఇంకో అరగంట ముందు తెచ్చుంటే బతికేదన్నారట.

ఆ చావుతో ఊరు దిగొచ్చింది. ఆరు నెలలకు అదే పొలంలో టవరు లేచింది. పిచ్చుకలు దాని మీదే వాలుతున్నాయి, మిరప విరగబూసింది. మా ఓనరు అరుగు మీద పడుకుని ఫోనులో సినిమాలు చూస్తున్నాడు.

నేను మాత్రం ఆ కూలీ అతన్ని తప్పించుకు తిరిగాను. ఎన్నాళ్లని? ఒకరోజు టీ బంకు దగ్గర ఎదురుపడి, తన ఫోను తీసి నాకు చూపించాడు.

"గీతలు నిండా ఉండాయి సారూ. ఆ అర్జీ వచ్చిన పొద్దు నా పెండ్లాం ఒద్దనింది, టవరు రానీ అనింది. నేనే మీ సంతకం చూసి ఏలిముద్ర ఏసినా."

"తప్పయిపోయింది" అన్నాను.

"అట్ల అనొద్దు సారూ" అని నా చేయి పట్టుకున్నాడు. "మీకు మాత్రం ఏం తెలుసు? తెలిసుంటే పెడతారా ఏంది?"

తెలుసు అని ఆ రోజు కూడా నా నోట రాలేదు. నా టీకి కూడా అతనే డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.